పోటు వేళ మురుగు గొట్టంలోకి ఉప్పునీరు: ఒక తీరగ్రామపు శుద్ధి కేంద్రం ప్రాజెక్టు డైరీ

1వ వారం

సముద్రపు ఒడ్డున 92 ఇళ్లు, 430 మంది ఉన్న ఒక చిన్న ఊరికి మురుగునీటి శుద్ధి కేంద్రం కట్టే పని మాకు అప్పగించారు. ఇటువంటి పనులలో నక్షలూ లెక్కలూ దస్త్రాలలో మిగులుతాయి గాని, ఏ రోజున ఏది ఎందుకు తప్పింది, దాన్ని ఎలా సరిచేశారు అన్నది ఎక్కడా మిగలదు. రేపు ఈ కేంద్రాన్ని నడపబోయేవారికి కావలసింది ముఖ్యంగా అదే కాబట్టి వారం వారం రాసి పెట్టాలని నిశ్చయించుకున్నాను.

ఊరిలో మురుగు గొట్టాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇసుకలో లోతు తక్కువగా వేసిన ఆ వరుస 23 మ్యాన్‌హోళ్ల గుండా సాగి, ఊరి చివర ఉప్పుటేటిలో కలుస్తుంది. శుద్ధి అన్నది ఇంతవరకు లేదు. ఆ ఏటిలో ఆల్చిప్పలు పెరుగుతాయి. అవి నీటిని వడపోసుకుని బతికే ప్రాణులు కాబట్టి మురుగులోని క్రిములు వాటి ఒంట్లో పోగవుతాయి. మా పని బాగుపడిందో లేదో చివరికి తేలవలసింది ఆ ఏటిలోనే.

పద్ధతి ఎంపికలో పెద్ద చర్చ జరగలేదు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే పరిశోధకులు ప్రకటించిన ఉత్తేజిత మడ్డి పద్ధతి, అంటే మురుగును తినే సూక్ష్మజీవులకు గాలి అందించి పెంచే పద్ధతి, నగరాలకు గొప్పగా పనికివస్తుంది, కాని దానికి రాత్రింబవళ్లు గాలి కొట్టే యంత్రాలు, వాటిని కనిపెట్టుకుని ఉండే నిపుణులు కావాలి. ఇంత చిన్న ఊరిలో కరెంటు పోయిన ఒక్క రోజుకే ఆ సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. అందుచేత ముందుగా ఒక నిలవ తొట్టి, దాని వెనుక నీటిని కిందికీ పైకీ తిప్పే అడ్డుగోడలతో నాలుగు గదుల వాయురహిత తొట్టి, ఆ తరువాత రెల్లుజాతి మొక్కలు నాటిన ఇసుక పడకలు, చివర ఒక చిన్న చెరువు అనే వరుసను ఎంచుకున్నాము.

2, 3 వారాలు

చివరి మ్యాన్‌హోల్లో 90 డిగ్రీల వి-ఆకారపు గాడి ఉన్న పలకను బిగించి, గాడిలో నీటి ఎత్తును ప్రతి పావుగంటకూ నమోదు చేస్తున్నాము. ఈ గాడిలో ఎత్తు రెట్టింపైతే ప్రవాహం అయిదున్నర రెట్లకు పైగా పెరుగుతుంది కాబట్టి, మిల్లీమీటరు తేడా కూడా లెక్కలోకి వస్తుంది. అష్టమి దగ్గరి చిన్న పోట్ల రోజుల్లో రోజుకు 34 ఘనమీటర్లు వచ్చింది, అంటే మనిషికి దాదాపు 79 లీటర్లు. పొద్దుటి రద్దీలో సెకనుకు 1.2 లీటర్లు, తెల్లవారుజామున 3 గంటలకు 0.05 లీటరు. నిద్రపోయే ఊరు ఇవ్వవలసిన అంకె అదే.

అమావాస్య వచ్చేసరికి లెక్క మారిపోయింది. రోజు మొత్తం 47 ఘనమీటర్లకు చేరింది. వాన పడలేదు, ఊరికి కొత్తగా ఎవరూ రాలేదు.

ప్రయోగశాల నుంచి వచ్చిన ఫలితాలు ఇంకా చిక్కుగా ఉన్నాయి. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని రెండు విధాలుగా కొలుస్తాము: సూక్ష్మజీవులు దాన్ని తినడానికి వాడుకునే ఆక్సిజన్ బీఓడీ, రసాయనంతో దాన్ని ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ సీఓడీ. అష్టమి నాటి నమూనాలో బీఓడీ లీటరుకు 290 మిల్లీగ్రాములు, సీఓడీ 600. అమావాస్య నాటి నమూనాలో బీఓడీ 210కి తగ్గింది, సీఓడీ మాత్రం 850కి పెరిగింది. నీరు పలచబడితే రెండూ తగ్గాలి, చిక్కబడితే రెండూ పెరగాలి; ఒకటి ఎక్కి ఒకటి దిగడానికి కారణమేమిటో రెండు రోజులు తోచలేదు. మొదట ఎవరో రసాయనం పారబోస్తున్నారని అనుమానించి ఇంటింటికీ తిరిగాము. ఆ రెండు రోజులు వృథాగా పోయాయి, అనవసరంగా ఊరివారిని నొప్పించాము కూడా.

జవాబు ఉప్పులో దొరికింది. సీఓడీ పరీక్షలో వాడే డైక్రోమేటు, సేంద్రియ పదార్థాన్నే కాక క్లోరైడును కూడా ఆక్సీకరిస్తుంది. క్లోరైడును కట్టిపడేయడానికి పాదరసపు సల్ఫేటు తగినంత కలపకపోతే, ఒక్కొక్క మిల్లీగ్రాము క్లోరైడు 0.226 మిల్లీగ్రాముల లేని సీఓడీని చూపిస్తుంది. మిగిలిన నమూనాలో క్లోరైడు కొలిపించగా లీటరుకు 2,000 మిల్లీగ్రాముల దాకా ఉన్నది. అంటే ఆ 850లో సగం కేవలం ఉప్పు. సముద్రం మా గొట్టాలలోకి వస్తున్నది.

4వ వారం

ఉప్పునీరు రావడం మాకెందుకింత ముఖ్యమో ఇక్కడ వివరంగా రాయడం అవసరం. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేటు ఉంటుంది. గాలి లేని తొట్టిలో మీథేన్ పుట్టించే జీవులతో పాటు సల్ఫేటును పీల్చి బతికే బాక్టీరియా కూడా ఉంటాయి, ఆహారం కోసం జరిగే పోటీలో ఇవి బలమైనవి. 96 గ్రాముల సల్ఫేటును అవి మార్చినప్పుడు 64 గ్రాముల సీఓడీ ఖర్చవుతుంది, 32 గ్రాముల గంధకం సల్ఫైడుగా బయటికి వస్తుంది. అమావాస్య నాటి నీటిలో సల్ఫేటు లీటరుకు 300 మిల్లీగ్రాములు తేలింది. అదంతా మారితే లీటరుకు 100 మిల్లీగ్రాముల సల్ఫైడు, కుళ్లిన గుడ్ల వాసన. ఆ వాసనకు ఊరు మా కేంద్రాన్ని మూయించినా తప్పు పట్టలేము. పైగా ప్రవాహం పెరగడం వల్ల గదులలో నీరు పైకి లేచే వేగం గంటకు 0.96 మీటరు నుంచి 1.3 మీటర్లకు చేరి, అడుగున నిలవవలసిన మడ్డిని కొట్టుకుపోతుంది. గొట్టాలను బాగుచేయకుండా తొట్టి కడితే ఎంత మంచి తొట్టి అయినా ఉపయోగం లేదని ఈ లెక్క చూశాక నాకు స్పష్టమైంది. తవ్వకం పని ఆపి, ముందు వెతుకులాట మొదలుపెట్టాము.

గొట్టాలలో చీలికలు వెతకడానికి పొగ పరీక్ష చేద్దామని ఒక సలహా వచ్చింది. వాననీటి తప్పుడు కలయికలను అది బాగా పట్టిస్తుంది గాని, భూగర్భ జలమట్టం కింద మునిగి ఉన్న అతుకుల నుంచి పొగ పైకి రాదు. మాకు పనికివచ్చిన సాధనం అరచేతిలో ఇమిడే వాహకత మీటరు. నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో అది చూపిస్తుంది, ఉప్పు పెరిగితే ఆ అంకె పెరుగుతుంది. ఇళ్ల మురుగు వాహకత సెంటీమీటరుకు సుమారు 1.2 మిల్లీసీమెన్స్, సముద్రపు నీటిది 50 దాకా. ఈ రెంటి మధ్య దూరం చాలా ఎక్కువ కాబట్టి కొద్దిపాటి ఉప్పు కూడా దాగదు.

పున్నమి తరువాతి రాత్రి 2 గంటలకు, పోటు నిండుగా ఉన్న వేళ, ఊరు నీళ్లు వాడని సమయంలో ముగ్గురం బయలుదేరాము. ప్రతి మ్యాన్‌హోల్ మూత తీసి, కొంతసేపు గాలి ఆడనిచ్చి, పురికొసకు కట్టిన మీటరు కొసను దించి చదివాము. ఎవ్వరూ లోపలికి దిగకూడదన్నది మొదటి రోజే పెట్టుకున్న నియమం. హైడ్రోజన్ సల్ఫైడు గాలి కన్నా బరువైనది, అడుగున పేరుకుంటుంది; మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టే శక్తినే చంపేస్తుంది కాబట్టి, వాసన లేదు గనుక ప్రమాదం లేదని అనుకున్నవారే చనిపోతారు.

1 నుంచి 6 వరకు వాహకత 1.3 దాటలేదు. 7వ దగ్గర 6, 8వ దగ్గర 9, 9వ దగ్గర అంతకన్నా ఎక్కువ. ఉప్పుటేటికి ఆనుకున్న 15వ మ్యాన్‌హోల్లో పక్క నుంచి వచ్చే ఒక సన్నని ధార ఏకంగా 40 చూపించింది. చివరి గాడి దగ్గర నీటి ఎత్తు 4.2 సెంటీమీటర్లు, అంటే సెకనుకు అర లీటరు, వాహకత 17. నిద్రపోతున్న ఊరి నుంచి రావలసిన దానికి ఇది పది రెట్లు.

5వ వారం

15వ మ్యాన్‌హోల్ ధార ఎక్కడిదో నక్షలో లేదు. ఏటి గట్టున పడవ బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను అడిగితే, “వానలకు నీళ్లు పొంగకుండా అప్పట్లో ఏటిలోకి ఒక గొట్టం వదిలారండీ. దాని మూత తెరుచుకునే ఉండిపోయింది. పోటెక్కితే ఆ నీళ్లే వెనక్కి వెళ్తాయి” అని చెప్పి, బురదలో కూరుకున్న గొట్టం మూతి దగ్గరికి తానే తీసుకువెళ్లి చూపించారు. ఏటి వైపుకు మాత్రమే తెరుచుకోవలసిన తలుపు కవాటం, గవ్వలు పట్టి సగం తెరుచుకుని బిగుసుకుపోయింది. ఆయనను మొదటి వారంలోనే అడిగి ఉంటే బాగుండేది. ఆ ఏటి నీటి నడక మా నక్షల కన్నా వారికి ఎక్కువ తెలుసు.

కవాటం తీసి, దాని స్థానంలో పెదవుల్లా మూసుకునే రబ్బరు కవాటం బిగించాము. సమస్య తీరిందని ఆ సాయంత్రం అందరం సంతోషించాము. తరువాతి పెద్ద పోటు రాత్రి కొలిస్తే 0.5 లీటరు కాస్తా 0.4 అయింది, అంతే. కంటికి బాగా కనబడిన దోషం, మొత్తం చొరబాటులో అయిదో వంతుకు మించి లేదు. మిగిలిన నాలుగు వంతులు 7 నుంచి 9 వరకు ఉన్న వీధిలో, ఇసుకలోని ఉప్పటి ఊటనీరు అతుకుల గుండా చెమ్మలా ఊరుతూ వస్తున్నది. అక్కడ వేసిన చిన్న గుంటలో ఊట వాహకత 13 ఉన్నది, గొట్టంలోని నీటితో లెక్క సరిపోయింది.

6, 7, 8 వారాలు

ఆ వీధిని తవ్వితే సంగతి తెలిసింది. గొట్టాలను సిమెంటు పూతతో అతికించారు. ఇసుక సర్దుకున్న కొద్దీ గొట్టం ఒక పిసరు కుంగుతుంది, సిమెంటు వంగదు, చిట్లుతుంది. 64 మీటర్ల పొడవున గొట్టాన్నే మార్చి రబ్బరు రింగు అతుకులు వేశాము. మూడు మ్యాన్‌హోళ్ల గోడలలో గొట్టం దూరే చోట ఉబ్బే రబ్బరు పట్టీ చుట్టి లోపల గట్టిగా పూత పెట్టించాము. 8వ వారం చివరి పోటు రాత్రి గాడి దగ్గర 2.4 సెంటీమీటర్లు, సెకనుకు 0.12 లీటరు. రోజు మొత్తం మీద చొరబాటు 13 ఘనమీటర్ల నుంచి 2కు దిగింది. సల్ఫేటు 80 దగ్గర నిలిచింది.

9, 10, 11 వారాలు

ఎట్టకేలకు తవ్వకం. నేల నుంచి 70 సెంటీమీటర్ల లోతులోనే నీరు. గుంట చుట్టూ గుచ్చిన చిల్లుల గొట్టాల నుంచి పంపు నిరంతరం తోడుతూ ఉంటేనే అడుగు ఆరుతుంది.

10వ వారంలో నిలవ తొట్టి అడుగు పలక, గోడలు పూర్తయ్యాయి. బయటి కొలత 3.4 మీటర్లకు 4.4 మీటర్లు. కాంక్రీటు 9.2 ఘనమీటర్లు, అంటే 22 టన్నులు. ఊటనీరు తొట్టి చుట్టూ 1.6 మీటర్ల ఎత్తు నిలిస్తే అది పైకి నెట్టే బలం దాదాపు 24 టన్నులు. కాబట్టి ఖాళీ తొట్టి తేలుతుంది. ఈ లెక్క నా పుస్తకంలో ముందే ఉన్నది. అందుకే అడుగు పలకను నాలుగు వైపులా 45 సెంటీమీటర్లు బయటికి చాచి, దాని మీద పడే మన్ను బరువుతో, అదనంగా 13 టన్నుల పట్టుతో, తొట్టిని అదిమి ఉంచాలని రూపకల్పన చేశాము. నేను చేసిన తప్పు, ఆ మన్ను ఇంకా నింపకముందే రాత్రికి పంపును మాత్రమే నమ్మి తొట్టిని వదిలేయడం.

కరెంటు పోయింది. పంపు ఆగింది. కాపలా మనిషి మమ్మల్ని లేపేసరికి గంటన్నర గడిచింది. తొట్టి ఈశాన్య మూల 4 సెంటీమీటర్లు లేచి ఉన్నది. మేస్త్రీ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, “ముందు లోపల నీళ్లు నింపండయ్యా, తరవాత మాట్లాడుకుందాం” అంటూ గుంటలోని నీటినే బకెట్లతో తొట్టిలో పోయించారు. అదే తొట్టిని కాపాడింది. లోపల అర మీటరు నీరు చేరేసరికి పైకి లేవడం ఆగింది. తెల్లవారాక పంపు నడిపి, లేచిన మూల కిందికి చేరిన ఇసుకను నీటిధారతో కడిగి తోడేస్తే, తొట్టి కొద్దికొద్దిగా దిగి 6 మిల్లీమీటర్ల తేడాతో కూర్చున్నది. గోడలలో పగుళ్లు లేవని మూడు రోజులు నీరు నింపి పరీక్షించాకనే నమ్మాను.

రెండో తొట్టికి పద్ధతి మార్చాము. అడుగు పలకలో రెండు రంధ్రాలు వదిలి, పైకప్పు వేసి మన్ను నింపేవరకు వాటిని మూయలేదు. పంపు ఆగితే ఊట లోపలికే వస్తుంది గాని తొట్టి తేలదు. వెనక్కి చూస్తే ఇది మొదటి తొట్టికే చేయవలసిన పని. ఎత్తైన జలమట్టం ఉన్న ఏ తీరంలోనైనా ఇలాగే చేయమని చెబుతాను.

12, 13 వారాలు

పైకప్పుల పని. నీటిమట్టానికి కింద ఉన్న కాంక్రీటు కంటే పైన ఉన్నదే త్వరగా పాడవుతుంది. నీటి నుంచి లేచిన హైడ్రోజన్ సల్ఫైడును తడి గోడ మీద బతికే బాక్టీరియా గంధకామ్లంగా మారుస్తాయి. మెల్‌బోర్న్ మురుగు గొట్టాల కప్పు ఎందుకు మెత్తబడి రాలుతున్నదో వెతుకుతూ ఈ బాక్టీరియాను 1945లో పార్కర్ అనే శాస్త్రవేత్త వేరుచేసి చూపించారు. అందువల్ల కప్పు లోపలి వైపుకూ, గోడల పై అర మీటరుకూ ఎపాక్సీ పూత వేయించాము. చువ్వల మీద కాంక్రీటు మందం 50 మిల్లీమీటర్లకు తగ్గకుండా నేనే కొలిచి చూశాను. మూతల చట్రాలు ఫైబరువి. ఇనుము ఈ గాలిలో నిలవదు.

14 నుంచి 17 వారాలు

ఇసుక పడకలు నాలుగు, ఒక్కొక్కటి 120 చదరపు మీటర్లు. ఎదురుగా అంత ఇసుక ఉండగా దూరం నుంచి తెప్పించడం ఎందుకని చాలామంది అడిగారు. తీరపు ఇసుక సన్నగా, ఒకే పరిమాణంలో ఉంటుంది. నీరు నెమ్మదిగా దిగుతుంది, గాలి దూరదు, గవ్వల పొడి కరిగి గడ్డకడుతుంది. పడకకు ముతక ఇసుక కావాలి, అదీ కడిగినది. ప్రతి బండి నుంచి గుప్పెడు ఇసుకను సీసాలో నీటితో గిలకొట్టి, పైన తేరిన ఒండ్రు మందం చూసి రెండు బండ్లను తిప్పి పంపాము.

నీటిని పడకల మీదికి ఎప్పుడూ సన్నగా పారనివ్వకూడదు. తొట్టిలో 3 ఘనమీటర్లు నిండగానే సైఫన్ అనే వంపు గొట్టం దానంతట అదే పని మొదలుపెట్టి నీటిని ఒక్కసారిగా వదులుతుంది. పడక మీద 25 మిల్లీమీటర్ల నీరు పరుచుకుని కిందికి దిగుతూ తన వెనుక గాలిని లోపలికి లాక్కుంటుంది. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే జీవులకు ఆ గాలే ప్రాణం, ఎందుకంటే ఒక్క గ్రాము నత్రజనికి అవి 4.57 గ్రాముల ఆక్సిజన్ తీసుకుంటాయి. సముద్రపు నీటిలో నాచు పెరుగుదలకు సాధారణంగా పగ్గం వేసేది నత్రజని కొరతే కాబట్టి, దాన్ని వదిలేస్తే ఏరు పచ్చబడుతుంది.

కిక్కస, జమ్ము రెండూ నాటాము. రెండో నెలకు మొదటి పడకలో జమ్ము కొసలు ఎండిపోయాయి, కిక్కస నిలిచింది. కొద్దిపాటి ఉప్పు ఇంకా వస్తూనే ఉన్నది కదా. జమ్మును తీసేసి అంతటా కిక్కసే వేశాము.

18 నుంచి 30 వారాలు

బాగా పనిచేస్తున్న ఒక సెప్టిక్ ట్యాంకు నుంచి 4 ఘనమీటర్ల మడ్డిని తెచ్చి గదులలో విత్తనంగా పోశాము. మీథేన్ జీవులు చాలా నెమ్మదిగా పెరుగుతాయి. మొదటి ఆరు వారాలు వాయురహిత తొట్టి నుంచి వచ్చే నీరు బూడిదరంగులోనే ఉన్నది. ప్రతి సోమవారం ఊరివారు వచ్చి చూసి వెళ్లేవారు, వారికి చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. 25వ వారంలో ఆ నీటి బీఓడీ 95కు దిగింది. 30వ వారంలో పడకల నుంచి బయటికి వచ్చే నీటి బీఓడీ 14, అమ్మోనియా నత్రజని 45 నుంచి 9కి తగ్గింది.

అమ్మోనియా తగ్గినా నత్రజని నైట్రేటు రూపంలో నీటిలోనే ఉంటుంది. అందుకని పడకల నీటిలో సగాన్ని చిన్న సౌర పంపుతో మళ్లీ నిలవ తొట్టి మొదటికి పంపుతున్నాము. అక్కడ గాలి లేదు, ఆహారం ఉన్నది. బాక్టీరియా నైట్రేటులోని ఆక్సిజన్‌ను వాడుకుని నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి. ఇందులో నేను ముందుగా ఊహించని లాభం ఒకటి దక్కింది. నైట్రేటు అందుబాటులో ఉన్నంతసేపు బాక్టీరియా సల్ఫేటు జోలికి పోవు. పంపు మొదలైన పది రోజులకు నిలవ తొట్టి మూత దగ్గర వాసన స్పష్టంగా తగ్గింది. ప్రవాహం పెరగడం వల్ల గదులలో వేగం హద్దు దాటకుండా పంపును పొద్దుటి రద్దీ గంటలలో ఆపుతున్నాము.

34వ వారం

మలం కలిసిన నీటికి గుర్తుగా లెక్కించే కోలిఫారం బాక్టీరియా లెక్కలు వచ్చాయి. పచ్చి మురుగులో 100 మిల్లీలీటర్లకు సుమారు 1 కోటి, పడకల తరువాత 20 వేలు, చెరువు తరువాత 3 వేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో పచ్చిగా తినే పంటలకు పారించే నీటికి సూచించిన హద్దు 1,000. ఆల్చిప్పలున్న ఏటికి ఇంకా జాగ్రత్త అవసరం. క్లోరిన్ కలపమన్నారు గాని, మిగిలిన అమ్మోనియాతో అది క్లోరమీనులుగా మారి ఏటిలోని జీవులకే హాని చేస్తుంది కాబట్టి నేను ఒప్పుకోలేదు. చెరువులోకి వచ్చిన నీరు అడ్డదారిన ఒక రోజులోనే బయటపడుతున్నదని రంగునీటితో పరీక్షిస్తే తెలిసింది. లోపల రెండు అడ్డుకట్టలు వేసి దారి పొడిగించాలి. అంతవరకు నీటిని పోటు వేళ ఆపి, ఏరు సముద్రం వైపు లాగే పాటు వేళ మాత్రమే వదులుతున్నాము.

నిన్న అమావాస్య. తెల్లవారుజామున 3 గంటలకు గాడి దగ్గర 2.9 సెంటీమీటర్లు చూశాను. 8వ వారంలో 2.4. వరుస వెంట మీటరు పట్టుకుని తిరిగితే 11వ మ్యాన్‌హోల్లో 5 వచ్చింది, గొట్టాలు బాగుచేశాక అక్కడ ఇదివరకు 2కు మించలేదు. ఎల్లుండి ఆ చోట తవ్వుతున్నాము. కాపలా మనిషికి మీటరు చదవడం నేర్పాను. ఇకపై ప్రతి అమావాస్యకూ పున్నమికీ 23 అంకెలు రాసే పట్టిక ఆయన దగ్గరే ఉంటుంది.